కెంపమ్మకు వచ్చిన జ్వరాలన్నీ

ధర్మపురి తాలూకాఫీసుకు పోయే దారిలో, కాగితాలూ కవర్లూ అమ్మే కొట్టు పక్కన, రేకు నీడలో ఒక బల్ల ఉండేది. బల్ల వెనక గోపాలప్ప. సన్నటి మనిషి, చొక్కా జేబులో రెండు పెన్నులు, ఒకటి నీలం, ఒకటి నలుపు. అర్జీలు రాసేవాళ్ళు ఆ దారిలో ఇంకా నలుగురున్నారు. పట్టా మార్పిడి, పింఛను, రేషన్ కార్డు, అన్నీ వాళ్ళే రాసేవాళ్ళు, తమిళంలో. గోపాలప్ప మాత్రం లీవు లెటర్లు తప్ప ఇంకేమీ ముట్టుకోడు. అదీ ఇంగ్లీషులోనే. తమిళంలో అడిగితే పై అధికారి ఎందుకు, ఏమిటి అని నిలదీస్తాడనీ, ఇంగ్లీషులో అడిగితే చదివినట్టు నటించి సంతకం పెట్టేస్తాడనీ బస్సు కండక్టర్లకూ, ఆసుపత్రి ఆయాలకూ, బడి పంతుళ్ళకూ ఒక గట్టి నమ్మకం. అందుకని పది గంటలకల్లా ఆ బల్ల ముందర మనుషులు మూగేవాళ్ళు.

ఆయనది పెద్ద చదువేమీ కాదు. ఎనిమిదో తరగతి. పందొమ్మిదేళ్ళు ఒక ఆఫీసు రికార్డు గదిలో కట్టలు దులిపే పని చేశాడు. ఆ కట్టల్లో పురుగులు తినగా మిగిలిన నలభై ఏళ్ళ లీవు లెటర్లు ఉండేవి. దులుపుతూ చదివేవాడు, చదువుతూ దులిపేవాడు. అట్లా పని మానుకోవడానికి ఇంగ్లీషులో ఎన్ని దారులున్నాయో అన్నీ కంఠతా వచ్చేశాయి. ఎవరైనా ఎదురొచ్చి ఇంగ్లీషులో నీ పేరేమిటని అడిగితే నోరు పెగలదు గాని, సెలవు ఎట్లా అడగాలో ఆయనకు తెలిసినంత ఆఫీసర్లకు కూడా తెలియదు.

ఒక్క రోజు సెలవుకు 'ఇన్‌డిస్పోజ్డ్', అంటే ఒంట్లో నలత. రెండు రోజులకు 'డౌన్ విత్ ఫీవర్'. వారం కావాలంటే 'బెడ్ రిడెన్'. కారణం చెప్పడం ఇష్టం లేనివాళ్ళకు 'అర్జెంట్ డొమెస్టిక్ అఫైర్స్'. ఆ మాట చదివితే ఏ అధికారికైనా తన ఇల్లే గుర్తొచ్చి, ఇంకో ప్రశ్న వేయకుండా సంతకం పెడతాడని గోపాలప్ప చెప్పేవాడు. అన్నిటికంటే పెద్దది 'సింకింగ్'. లోపల దీపం వత్తి దిగిపోతున్నట్టు, మనిషి జారిపోతున్నాడని దాని అర్థం. అది రాస్తే పది రోజులు దొరికినట్టే. దాన్ని ఆయన ఏడాదికి ఒకసారైనా బయటికి తీసేవాడు కాదు.

ఆయనకు ఒక కట్టుబాటు ఉండేది. కాగితం తీయకముందే అడిగేవాడు: "మీ ఇంట్లో పోయినవాళ్ళు ఎవరున్నారు?" బతికున్నవాళ్ళ పేరు మీద అబద్ధపు జబ్బు రాయడు. రాసిన మాట ఎక్కడికీ పోదు, ఎవరి మీదనో ఒకరి మీద వాలుతుంది అని ఆయన భయం. పోయినవాళ్ళకైతే ఏమిటి, వాళ్ళకు కొత్తగా అయ్యేదేముంది? అందుకని ధర్మపురి ఆఫీసుల్లో ఆ రోజుల్లో ఏ తల్లికి జ్వరం వచ్చినా, ఏ మేనమామ మంచం పట్టినా, ఆ తల్లీ ఆ మేనమామా ఎప్పుడో మట్టిలో కలిసినవాళ్ళే.

ఎనభై రెండులో ఒకనాడు నరసింహన్ వచ్చాడు. హరూరు బస్సులో కండక్టరు, పెళ్ళయి ఏడాది కాలేదు, నవ్వు మొహం. బామ్మర్ది నిశ్చితార్థానికి రెండు రోజులు కావాలి.

"పోయినవాళ్ళు ఎవరున్నారప్పా?"

"ఎవరూ పోలేదు మామా. అమ్మా నాయనా ఉన్నారు, అవ్వ కూడా ఉంది. అవ్వకి తొంభై. ఆ ముసిల్దానికే జ్వరమని రాసెయ్. ఏం రాసినా దానికి ఏమీ కాదు."

"నోరు ముయ్. ఉన్న మనిషి మీద నా పెన్ను నడవదు."

"అయితే ఎవరైనా చచ్చేదాకా నేను డ్యూటీ చేయాల్నా?"

బల్ల దగ్గరున్నవాళ్ళంతా నవ్వారు. గోపాలప్ప కూడా నవ్వాడు. నవ్వుతూనే ఆయనకు తన భార్య కెంపమ్మ గుర్తుకొచ్చింది. ఆమె పోయి మూడేళ్ళు. బావి గట్టు మీద బిందె ఎత్తుకోబోయి అట్లాగే కూర్చుండిపోయింది, అమ్మా అని కూడా అనలేదు. ఇరవై ఎనిమిదేళ్ళ కాపురంలో తల నొప్పి అని ఒక్క పూట పడుకున్న మనిషి కాదు.

"మా కెంపమ్మని నీకిస్తాను. నీకు అత్త అని రాస్తాను. రెండు రోజులు జ్వరం" అన్నాడు.

"అత్త పేరు మీద నేను కడుపు నిండా తిని వస్తా మామా" అని నరసింహన్ దణ్ణం పెట్టి పోయాడు.

అది మొదలు. ఇంట్లో ఎవరూ పోనివాళ్ళందరికీ కెంపమ్మే దిక్కయింది. ఒకరికి అక్క, ఒకరికి పిన్నమ్మ, ఒక డ్రిల్లు మాస్టరుకు అవ్వ. ఒకరికి చలిజ్వరం, ఒకరికి కామెర్లు, ఒకరికి కాలు విరగడం. రాసిన ప్రతి లెటరుకూ కార్బన్ కాపీ ఇంట్లో ట్రంకుపెట్టెలో పడేది. కట్ట కట్టి దాచడం రికార్డు గదిలో అలవాటైన పని.

ఇల్లు సోగత్తూరు మొదట్లో. రెండు గదులు, ముందర తిన్నె. పక్క గోడ ఉమ్మడి గోడ, దాని అవతల వేదవల్లి ఉండేది. బడిలో మధ్యాహ్న భోజనం వండి, రెండు గంటలకు ఇల్లు చేరేది. ఊరి సంగతులన్నీ ఆమెకు కావాలి. గోడకు చెవి ఆనించిందని ఎవరైనా అంటే, గోడే తన చెవికి ఆనుకుందని చెప్పే రకం.

ఎనభై ఐదు చిత్తిర నెల, ఎండాకాలం. ఒక సాయంత్రం గోపాలప్ప సైకిలు దిగుతుంటే వేదవల్లి వాకిట్లో చేట పట్టుకుని నిలబడి ఉంది.

"అన్నా, మీ ఇంట్లో ఎవరు వచ్చి ఉండేది?"

"ఎవరూ రాలేదే. తాళం నా దగ్గరుంది."

"మూడు గంటలప్పుడు ఎవరో దగ్గినారు. ఆడమనిషి దగ్గు. చుట్టాలేమో, గంజి కాచి ఇద్దామని తలుపు తట్టినాను. పలకలేదు."

"నీ కుక్కర్ చప్పుడేమో చూసుకో పోమ్మా."

"నాకు కుక్కర్ ఎక్కడిదన్నా!"

తాళం తీసి లోపలికి పోయాడు. వెనక గదిలో నులక మంచం ఉండేది. కెంపమ్మ పోయిన రోజు గోడకు నిలబెట్టాడు, ఆరేళ్ళుగా అది అట్లాగే ఉంది. ఆయన తిన్నె మీదే పడుకునేవాడు. ఆ మంచం ఇప్పుడు నేల మీద దించి ఉంది. తలవైపు పట్టె మీద ఒక గుడ్డ, నాలుగు వేళ్ళ వెడల్పుకు మడిచి, ఇంకా తడిగా ఉంది. నుదుటి మీద వేసే పట్టీ గుడ్డలాగా.

గోపాలప్ప చెయ్యి చాచి నులక మీద పెట్టాడు. వేడి. ఆ గదికి కిటికీ లేదు, ఎండ పడే దారి లేదు. మంచం కాళ్ళవైపు చల్లగానే ఉంది. మధ్యలో, మనిషి నడుమూ వీపూ ఆనే చోట, ఒంటి వేడి. అట్లాంటి వేడి ఎండకు రాదు, కాగుతున్న మనిషికే వస్తుంది. అది చేతికి తెలుస్తుంది.

ఆ పొద్దున ఒక టీచరమ్మకు ఆయన రాసిన మాటలు గుర్తొచ్చాయి. అక్క కెంపమ్మాళ్, హై ఫీవర్, రెండు రోజులు. మూడేళ్ళుగా రాసి పెట్టెలో పడేసినవన్నీ పోగై ఇప్పుడు వాలినట్టుంది.

మర్నాడు కావాలనే ఇంకోటి రాశాడు. ఆసుపత్రి వాచ్‌మన్‌కు: పిన్నమ్మ జారిపడింది, కాలు విరిగింది. రాసి, బల్ల సర్దేసి, రెండున్నరకు ఇంటికి వచ్చి తిన్నె మీద కూర్చున్నాడు. ఎండ వాకిలిని తెల్లగా కాలుస్తోంది. మూడు కొట్టే వేళకు లోపల నేల మీద చప్పుడు. ఒక అడుగు పడుతుంది, రెండోది ఈడుస్తుంది. ఒక అడుగు, ఒక ఈడుపు. నీళ్ళ కుండ దాకా వచ్చింది. చెంబు ముంచిన చప్పుడు. మళ్ళీ ఈడ్చుకుంటూ మంచం దాకా పోయింది. నులక కిర్రుమంది.

పక్క వాకిట్లో బియ్యం ఏరుతున్న వేదవల్లి చేతిలో చేట అట్లాగే ఉండిపోయింది. "అన్నా..."

"విన్నావా?"

"విన్నాను. అది వదినె నడకే. కాలు ఈడుస్తా ఉంది గానీ, మడమ ముందర పెట్టేది వదినె ఒకతే."

అప్పుడు గోపాలప్ప లోపలికి పోయి చూశాడా అంటే, చూశాడు. ఎవరూ లేరు. మంచం వేడిగా ఉంది, చెంబు తడిగా ఉంది. ఆయన భయపడి బయటికి పరిగెత్తలేదు. తలుపు దగ్గరగా వేసి, మంచం పక్కన నేల మీద కూర్చున్నాడు. ఆరేళ్ళ తర్వాత ఆ ఇంట్లో ఇంకొకరి ఊపిరి వినబడుతోంది.

రాగి గంజి కాచి, ఉప్పు వేసి, గిన్నె మంచం పక్కన పెట్టాడు. సాయంత్రానికి గిన్నెలో అడుగున కొంచెమే మిగిలింది.

ఇక అక్కడినుంచి ఆయన చేసిన పని చెప్పుకుంటే సిగ్గు. ఎవరు వచ్చినా పోయినవాళ్ళ పేర్లు అడగడం మానేశాడు. ముగ్గురు నలుగురు పోయినవాళ్ళున్న ఇంటివాళ్ళకు కూడా కెంపమ్మనే రాశాడు. "మా నాయన ఉన్నాడు కదయ్యా, పోయి పదేళ్ళయింది, ఆయన్ని రాయండి" అని ఒకతను అడిగితే, "ఆడవాళ్ళ జబ్బంటే ఆఫీసరు తొందరగా ఒప్పుకుంటాడు" అని సర్దిచెప్పాడు. లెటరు రాయని రోజు ఇల్లు చల్లగా, చప్పుడు లేకుండా ఉంటుంది. రాసిన రోజు మధ్యాహ్నం మంచం వేడెక్కుతుంది. అందుకని రోజూ రాశాడు. మూడు గంటలకు ఇంటికి వచ్చి, గుడ్డ తడిపి, మంచం పక్కన కూర్చుని కబుర్లు చెప్పేవాడు. చింతపండు రేటు, తాలూకాఫీసులో కొత్త గుమాస్తా, నరసింహన్‌కు కొడుకు పుట్టడం. మొహం తేటగా అయింది. చొక్కాలు ఇస్త్రీ చేసుకున్నాడు.

వేదవల్లి నెల రోజులు ఓర్చుకుంది. ఆ తర్వాత ఒకనాడు సైకిలుకు అడ్డం నిలబడింది.

"ఏమన్నా, కాపురం బాగుందా?"

"ఏం మాటలమ్మా అవి?"

"మధ్యాన్నం నువ్వు వచ్చేలోపల గోడవతల ఏం జరుగుతా ఉందో నీకు తెల్లేదు. నువ్వు వచ్చి కబుర్లు చెప్తావు, ఆ మనిషి ఊరుకుంటుంది. నువ్వు లేనప్పుడు మూలుగుతుంది. ఒక పక్క జ్వరం, ఒక పక్క వాంతులు, ఇంకో పక్క కాలు. బతికుండగా ఒక్క రోజు పడుకోని మనిషి. నీకు తోడు కావాల్నని ఆమెని రోజూ పడగొడతా ఉండావు."

"ఆమె నాతో ఏమీ అనలేదే."

"నీతో ఎప్పుడన్నా ఏమన్నా అనిందా, ఇరవై ఎనిమిదేళ్ళలో? నిన్న నాతో అనింది. గోడ దగ్గరికొచ్చి. 'వేదా, నన్నెప్పుడు పంపిస్తారు?' అని."

గోపాలప్ప సైకిలు గోడకు చేరేశాడు. ఆ రోజు లోపలికి పోలేదు. తిన్నె మీద కూర్చుని విన్నాడు. ఆయన వచ్చిన సంగతి తెలియకేమో, మూలుగు ఆగలేదు. పళ్ళు కొట్టుకునే చప్పుడు, మధ్యలో గుక్క తిప్పుకోనివ్వని దగ్గు. 

మర్నాడు బల్ల దగ్గర కెంపమ్మ పేరు రాయలేదు. దానికి బదులు తనకోసం ఒక కాగితం రాసుకున్నాడు. కెంపమ్మాళ్, రికవర్డ్, పర్ఫెక్ట్లీ ఫిట్. అది తెచ్చి దిండు కింద పెట్టాడు. రెండు రోజులు మంచం చల్లగా ఉంది. మధ్యాహ్నం తిరగలి తిరిగిన చప్పుడు, రాగులు విసిరినట్టు. వేదవల్లి కూడా విని, అమ్మయ్య అంది.

మూడో రోజు మళ్ళీ జ్వరం. ఆయన ఎవరికీ రాయలేదు. ఎట్లా వచ్చిందో ఆ సాయంత్రమే తెలిసింది. డ్రిల్లు మాస్టరు బజారులో ఎదురుపడి, "మీకెందుకు శ్రమ అని పాత లెటరు చూసి నేనే దించేసుకున్నానయ్యా, తేదీ ఒక్కటీ మార్చి" అన్నాడు గొప్పగా. అట్లా దించుకునేవాళ్ళు ఒక్కరు కాదు. హరూరులో, పెన్నాగరంలో, ఏ బీరువాలో చూసినా ఆయన వాక్యాలే, ఆ పేరే. ఇక్కడ ఆయన పెన్ను మూసినా అక్కడ ఆమెకు జ్వరం తప్పదు.

అదే వారం పిడుగులాంటి సంగతి ఇంకోటి. నరసింహన్ వచ్చాడు, పక్కన సంచీలో వేరుశనగ విత్తనాలు. "మామా, ఏరియూరులో మామగారి చేను విత్తాల. పది రోజులు పోతా ఉండాను. పొద్దున నువ్వు బల్ల దగ్గర లేవని, ఆ పెద్ద మాట నేనే రాసి పడేసినాను. అత్త సింకింగ్ అని."

గోపాలప్ప పెన్నులు కూడా సర్దుకోలేదు. సైకిలు తొక్కిన తొక్కుడుకు చైను ఊడింది, దాన్ని తోసుకుంటూ పరిగెత్తాడు. తాళం తీసి లోపలికి పోతే, వేదవల్లి వెనకే వచ్చి గుమ్మంలోనే నిలబడింది, గడప దాటలేదు. లోపల ఊపిరి వినబడుతోంది. ఒకటి తీస్తుంది, ఎంతసేపటికో ఇంకోటి. పోయిన మనిషి మళ్ళీ పోవడానికి లేదు. అది అట్లా జారుతూనే ఉంటుంది, అడుగు తగలదు. పది రోజులు.

"ఏమైనా చెయ్ అన్నా. పో అని చెప్పు."

"నేను చెప్తే పోయేది కాదు వేదా. ఆమె డ్యూటీలో ఉంది. నేనే వేసినాను."

రికార్డు గదిలో చూసిన ఒక కాగితం ఆయనకు కళ్ళముందు కదిలింది. ఛార్జి సర్టిఫికెట్. లీవు అడిగినవాడు లీవు అయిపోగానే మళ్ళీ రావాలి. నయమైనవాడూ మళ్ళీ రావాలి. శాశ్వతంగా దిగిపోవాలంటే దారి ఒక్కటే, ఇంకొకరు వచ్చి ఛార్జి తీసుకోవాలి. 'రిలీవ్డ్' అని ఒకరు, 'రిలీవింగ్' అని ఇంకొకరు, ఇద్దరూ ఒకే కాగితం మీద సంతకం పెట్టాలి. తీసుకునేవాడు రాకపోతే దిగేవాడు కుర్చీలో కూర్చునే ఉండాలి. అట్లా బదిలీ ఆర్డరు చేతిలో పెట్టుకుని ఎనిమిది నెలలు కూర్చున్న గుమాస్తాను ఆయన చూశాడు.

ట్రంకుపెట్టె తెరిచి మంచి ఫుల్‌స్కేప్ కాగితం తీశాడు. నల్ల పెన్నుతో రాశాడు. కెంపమ్మాళ్, రిలీవ్డ్ ఆఫ్ ఆల్ డ్యూటీస్, ఆఫ్టర్‌నూన్. తేదీ వేశాడు. కింద రెండో పేరు రాసే చోట పెన్ను ఆగింది.

"ఎవరిని రాస్తావు?" అంది వేదవల్లి. "మా అత్త ఉందిలే, పోయి చాలా దినాలయింది. నన్ను ఏడిపించినదానికి అనుభవించనీ."

"ఇంకొకరి ఇంటి మనిషిని పెట్టే పని ఇంక చేయను."

"అయితే?"

 ఆయన మంచంవైపు తిరిగాడు. ఇది రాస్తే ఆమె పోతుంది. గంజి గిన్నె నిండుగా అట్లాగే ఉండిపోతుంది. చింతపండు రేటు చెప్పడానికి మనిషి ఉండదు. లోపల ఒక ఊపిరి తీసింది. ఇంకోటి రావడానికి ఎంతసేపు పట్టిందంటే, వేదవల్లి పైట కొంగు నోట్లో కుక్కుకుంది.

గోపాలప్ప తన పేరు రాసి సంతకం పెట్టాడు. బతికున్న మనిషి పేరు మీద ఆయన పెన్ను నడవడం అదే మొదలు.

కెంపమ్మకు సంతకం రాదు. స్టాంపు ప్యాడు మూత తీసి, కాగితం పక్కన మంచం మీద పెట్టాడు. "నీకు వీలైనప్పుడు వెయ్. తొందరేమీ లేదు" అన్నాడు.  తలుపు దగ్గరగా వేసి ఇద్దరూ తిన్నె మీద కూర్చున్నారు. రోడ్డు మీద పెన్నాగరం బస్సు పోయింది. వేదవల్లి కోడి ఒకటి, నెల రోజులుగా ఆ చూరు నీడకే రానిది, నడుచుకుంటూ వచ్చి గడప దగ్గర మట్టి గీకింది.

లోపలికి పోతే కాగితం మీద వేలిముద్ర ఉంది. ఎడమ బొటనవేలు. మధ్యలో అడ్డంగా తెల్లటి గీత, కెంపమ్మకు ఎప్పుడో కత్తిపీటకు తెగిన మచ్చ. మంచం ఈ కొసనుంచి ఆ కొసదాకా చల్లగా ఉంది. గోపాలప్ప రెండు చేతులతో నులకంతా తడిమాడు, పాప పారేసుకున్న గాజు వెతికినట్టు. ఎక్కడా వెచ్చదనం లేదు.

జ్వరం ఆయనకు రాత్రికి రాలేదు, తెల్లవారికి వచ్చింది. చలి, వణుకు, కాళ్ళు స్వాధీనం లేవు. నరసింహన్ చేను విత్తి వచ్చేదాకా, పది రోజులూ, ఆ నులక మంచం మీదే పడుకున్నాడు. డాక్టరు వచ్చి చూసి, ఏమీ అంతుపట్టక మాత్రలు ఇచ్చి పోయాడు. తర్వాత కూడా అంతే. మనిషి బాగానే తిరుగుతూ ఉంటాడు, ఉన్నట్టుండి ఒక మధ్యాహ్నం కాగిపోతాడు. ఆ రోజు జిల్లాలో ఎవరో పాత లెటరు దించుకుని ఉంటారు. బల్ల మాత్రం తీసేశాడు.

ఆ మొదటి పది రోజుల్లోనే, నాలుగోదో ఐదోదో, వేదవల్లి గంజి తెచ్చింది. ఆయన కళ్ళు తెరిచి, పెదవులు తడుపుకుని, గోడవైపు చెయ్యి చూపించాడు.

"వేదా, నువ్వు మీ ఇంట్లోకి పోయి, చెవి పెట్టి విను. నా చప్పుడు కాకుండా ఇంకేమన్నా వినిపిస్తా ఉందా చూడు."

ఆమె గిన్నె కింద పెట్టి పోయింది. గోడకు చెవి ఆనించి బాగా విన్నది. ఆయన ఊపిరి, ఆయన పళ్ళు కొట్టుకోవడం, మంచం కిర్రుమనడం. ఎంతసేపు విన్నా అంతే. తిరిగి వచ్చింది.

"నీ మూలుగొకటే అన్నా. ఇంకేమీ లేదు."

"బాగా విన్నావా?"

"బాగా విన్నాను."

గోపాలప్ప గంజి గిన్నె అందుకున్నాడు. చేతులు వణికి సగం దుప్పటి మీద పడింది. మిగిలింది తాగి, "ఉప్పు తక్కువయింది" అన్నాడు, అని గోడవైపు తిరిగి పడుకున్నాడు.